నాన్నకు క్రోన్స్ ఉంటే అమ్మాయి నీట్ మానుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారికి చాలా ఏళ్లుగా క్రోన్స్ వ్యాధి, అదే పేగులు వాచి పుండ్లు పడే జబ్బు. అమ్మాయి బైపీసీ సెకండియర్. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ టెన్షన్‌కి తనకూ వస్తుందేమోనని భయం. ఇప్పటికే తనకు కారం లేకుండా విడిగా వండుతున్నాను. ఎంబీబీఎస్ మాని జెనెటిక్స్‌లో చేర్పించాలా? ఏది మేలు? ముందుగా జీన్ టెస్ట్ చేయించమంటారా?

జవాబు: అమ్మా, కోర్సుల సంగతి తర్వాత. ముందు ఆ భయం చూద్దాం. తల్లిదండ్రుల్లో ఒకరికి క్రోన్స్ ఉన్నా, నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు అది రాదు. మామూలు వాళ్లకంటే రిస్క్ ఎక్కువే, కాదనను. కానీ ఒకే డీఎన్‌ఏతో పుట్టిన కవలల్లోనూ ఒకరికి వచ్చి రెండోవారికి రాని జతలు బోలెడు. ఉన్న జబ్బు టెన్షన్‌కి తిరగబెట్టవచ్చు గానీ, నీట్ చదివితే క్రోన్స్ పుడుతుందని ఎవరూ తేల్చలేదు.

జీన్ టెస్ట్‌కి డబ్బు తగలేయకండి. నాడ్2 అనే జీన్‌కి క్రోన్స్‌తో సంబంధం ఉందని 2001లో బయటపడింది. యూరప్ రోగుల్లో కనిపించే దాని మూడు ముఖ్యమైన మార్పులు మనవాళ్లలో దాదాపు కనపడవు. తర్వాత డీఎన్‌ఏలో ఇలాంటి చోట్లు 200కు పైగా దొరికాయి, చాలావరకు ఒక్కొక్కటీ రిస్క్‌ని పిసరంత పెంచేవే. పసిబిడ్డల్లో వచ్చే అరుదైన రకాలకు ఆ టెస్ట్ పనికొస్తుంది. మీ అమ్మాయి విషయంలో రిపోర్టు చూసి వస్తుందనీ రాదనీ ఎవరూ చెప్పలేరు.

ఇక జెనెటిక్స్. 'నీట్ లేకుండా మెడికల్ లైనే కదండీ' అని ఈ మధ్య బెజవాడ నుంచి వచ్చే పేరెంట్స్ కూడా ఇదే పాట. నాకు ఆ ఊపు మీద అనుమానమే. బ్రోషర్ మీద తెల్లకోటు వేసుకుని పిపెట్ పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. ఆ 200 చోట్లు దొరికింది మాత్రం వేలమంది రోగుల డీఎన్‌ఏని ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చి లెక్కలు కడితేనే. స్టాటిస్టిక్స్, కోడింగ్ లేకుండా ఆ పని సాగదు. లెక్కలంటే పడక బైపీసీ తీసుకున్న పిల్లయితే ఈ మాట ముందే తెలియాలి. డిగ్రీతో ఆగితే చిన్న జీతాలే ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలో సైంటిస్ట్ కావాలంటే పీహెచ్‌డీ వరకు పదేళ్లు. గ్యాస్ట్రో డాక్టర్ కావాలన్నా ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కలిపి పదకొండేళ్ల పైమాటే. టెన్షన్ లేని దారి అయితే రెండూ కావు.

కోప్పడతారేమో గానీ, ఆ విడి వంట ఆపండి. కారం ఈ జబ్బు తెప్పిస్తుందని రుజువు లేదు. గుంటూరు పిల్లకి రోజూ చప్పిడి గిన్నె పక్కన పెట్టి, రాని జబ్బుకి రోగిని చేస్తున్నారు. మాన్పించాలంటే మీవారికి సిగరెట్ ఉంటే అది మాన్పించండి, క్రోన్స్‌ని ముదరబెడుతుందని గట్టిగా తేలింది అదే. తగ్గని విరేచనాలు, మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం కనిపిస్తే అమ్మాయిని గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించి, నాన్నగారి జబ్బు సంగతి కూడా చెప్పండి.

ఇంత రాశారు, అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. ఒకసారి తనని తీసుకురండి. మాట్లాడేటప్పుడు మీరు బయట కూర్చోవాలి మరి.