రెండు చివరలూ సముద్రమట్టం దగ్గరే ఉన్నా పంపులకు అంత భారం ఎందుకు?

అలాస్కా ముడిచమురు పైపులైన్ రెండు చివరలూ (ప్రూడో బే, వాల్డీజ్) సముద్రమట్టం దగ్గరే ఉన్నాయి, ఎత్తు తేడా సున్నా, మరి పంపుల ఒత్తిడి లెక్క ఎందుకు కుదరట్లేదని అడిగారు. మధ్యలో అటిగన్ కనుమను వదిలేశారండీ, సుమారు 1,440 మీటర్ల ఎత్తు! ముందు అక్కడిదాకా ఎక్కించే ఒత్తిడి లెక్కేయండి. ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ దాదాపు 8.5 బార్ (ఒత్తిడి కొలమానం), దానికి రాపిడి నష్టం కలపండి. దిగేటప్పుడు అదంతా తిరిగొస్తుందనుకోకండి. నిటారు వాలులో చమురు పైపు నిండా పారదు, పైభాగం ఖాళీగా ఉంటుంది, శక్తి అక్కడే వృథా అవుతుంది.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. ప్రవాహం ఆపితే వాలులో నిలిచిన చమురు బరువు అడుగున పడుతుంది. కనుమ దిగాక పైపులైన్ మీద వచ్చే 5వ పంపు స్టేషన్‌ను ఒత్తిడి తగ్గించడానికే కట్టారు. పైపు మందం లెక్కలో ఈ ఆగిన స్థితిని తప్పకుండా చూడండి.