సున్నాకు తిరిగి రాని యంత్రం గురించి

చిరంజీవి రవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ సీఎన్‌సీ యంత్రం (కంప్యూటర్ ఫైలును బట్టి చెక్కేది) టేకు పలక మీద చెక్కిన నేమ్‌ప్లేట్‌లో చివరి రెండు అక్షరాలు పక్కకు జరిగిపోయాయని, సెట్టింగులన్నీ మార్చి చూసినా ఫలితం లేదని నీవు రాసిన ఉత్తరం చదివాను. ఇక ఏ అంకెనూ ముట్టుకోకు. మార్చినవన్నీ పాత విలువలకు తెచ్చి, తప్పు ఏ తీరున వస్తున్నదో ముందు కనిపెట్టు.

నీ యంత్రంలోని స్టెప్పర్ మోటారుకు, అంటే అడుగు అడుగుగా తిరిగే మోటారుకు, తాను ఎక్కడ ఉన్నదో తెలియదు. కంట్రోలర్ బోర్డు విద్యుత్ పల్సులు పంపి, అన్ని అడుగులూ పడ్డాయనే లెక్క రాసుకుంటుంది తప్ప, మోటారు నిజంగా కదిలిందో లేదో చూసుకోదు. అందుకే ఒక్కసారి తప్పిన స్థానం పని ముగిసేదాకా అలాగే ఉండిపోయి, ఆ తరువాత చెక్కినదంతా పక్కకు జరుగుతుంది.

పలక తీసేసి, చెక్కే బిట్ గాలిలో ఉండేలా జడ్ (నిలువు దిశ) సున్నాను పైకి పెట్టి, అదే ఫైలును మొదట స్పిండిల్ (బిట్‌ను తిప్పే మోటారు) ఆపి, తరువాత స్పిండిల్ తిప్పుతూ నడుపు. రెండుసార్లూ చివర సున్నాకు రప్పించి, డయల్ గేజ్‌తో (సన్నని కదలికను కొలిచేది) ఎంత తేడా ఉన్నదో చూడు. స్పిండిల్ తిరిగినప్పుడే తప్పు వస్తే వైర్లలోకి నాయిస్ (అక్కరలేని విద్యుత్ సంకేతాలు) వస్తున్నట్టు అనుమానించాలి. మోటారు వైర్లను, కదలిక హద్దును తెలిపే లిమిట్ స్విచ్ వైర్లను స్పిండిల్ వైర్లకు దూరంగా జరుపు. కర్రలో మాత్రమే తప్పితే బిట్ మొద్దుబారిందేమో, ఒక్కో కోత లోతు ఎక్కువైందేమో, పొట్టు పట్టాల మీద పేరుకుందేమో చూడు.

గాలిలోనూ తప్పితే గేజ్ చూపిన అంకె చాలా చెబుతుంది. మామూలు స్టెప్పర్ ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. మోటారు తిప్పే నీ స్క్రూ చుట్టుకు 8 మిల్లీమీటర్లు కదిలితే ఒక అడుగు 0.04 మిల్లీమీటర్లు. మోటారు పట్టు తప్పితే నాలుగేసి అడుగుల లెక్కన జారి మళ్లీ కుదురుకుంటుంది కనుక, తేడా 0.16, 0.32, 0.48 ఇలా వస్తుంది. అలా వస్తే యాక్సిలరేషన్‌ను, అంటే జీఆర్‌బీఎల్‌లో (కంట్రోలర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్) ఎక్స్ యాక్సిస్‌కు $120 అనే సెట్టింగును, సగానికి తగ్గించి మళ్లీ చూడు. పని మొదలైన ఇరవై నిమిషాలకు తప్పి, చల్లారాక బాగా నడిస్తే మోటారుకు కరెంటు అందించే డ్రైవర్ వేడెక్కుతున్నదన్నమాట. దానికి గాలి తగిలేలా ఫ్యాన్ పెట్టు. కరెంటు ఉన్నప్పుడు మోటారు వైరు ఊడదీయకు, డ్రైవర్ కాలిపోవచ్చు.

తేడా ఈ లెక్కకు అందకపోతే మోటారు షాఫ్టును స్క్రూకు కలిపే కప్లింగ్ జారుతున్నదేమో చూడాలి. నేను మొదటి యంత్రం కట్టుకున్నప్పుడు రెండు రోజులు సెట్టింగులు మార్చుతూ కూర్చున్నాను. చివరకు సన్న మార్కర్‌తో మోటారు షాఫ్టు, కప్లింగ్, స్క్రూల మీదుగా ఒకే గీత గీసి పని నడిపాను. పని ముగిశాక షాఫ్టు మీది గీతకు, కప్లింగ్ మీది గీతకు మధ్య వెంట్రుక మందం ఎడం కనబడింది. కప్లింగ్‌ను బిగించే గ్రబ్ స్క్రూ షాఫ్టులో చదును చేసిన వైపు కాక గుండ్రటి వైపు కూర్చొని ఉన్నది. నీవూ అలాగే గీత గీసి నడిపి చూడు. గీత ఎడమైతే కప్లింగ్ విప్పి, గ్రబ్ స్క్రూ చదును మీదికి వచ్చేలా తిప్పి, నీలం రంగు లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, ఎలన్ కీతో బిగించు.

ఎప్పుడూ ఒకే వైపుకు కొద్దికొద్దిగా జరుగుతూ, దిశ మారిన ప్రతిసారీ పెరిగే తప్పు వేరే రకం. అది స్టెప్ పల్సు ధ్రువత, అంటే పల్సు పైకా కిందికా అన్నది, తప్పుగా ఉండటం వల్ల రావచ్చు, $2 విలువ సరిచూడు. జడ్ మాత్రమే కిందికి దిగుతుంటే $1ని 255 చేస్తే మోటారు ఆగినా పట్టు వదలదు. స్క్రూ నట్టులోని వదులును, అంటే బ్యాక్‌లాష్‌ను మాత్రం దీనితో కలిపి చూడకు, ఎందుకంటే అది దిశ మారినప్పుడు కనిపిస్తుందే తప్ప పోగుపడదు.

గాలిలో నడిపిన రెండు ఫలితాలు, గేజ్ చూపిన అంకెలు, గీత ఫోటో నాకు పంపు. ఫోటో దగ్గరగా, వెలుతురులో తీయి.

ఇట్లు,
పెదనాన్న