నోరు విప్పని హీరోతో వేగలేకపోతున్న అమ్ములుకి

అమ్ములూ,

మొన్న రాత్రి పదకొండున్నరకి ఫోన్ చేసి "పిన్నీ, వీడికి నోరు లేదా?" అని నువ్వు అరిచినప్పుడు, ఎవరి గురించో అడగాల్సిన అవసరం రాలేదు నాకు. పది రోజులు నిద్ర మానుకుని ఒక ప్రేమ మాంగా, అదే జపాన్ బొమ్మల కథ, నూట ఎనభై చాప్టర్లు చదివావు. పండగ రాత్రి, నది గట్టు, ఆ పిల్ల యుకాతా, అదే జపాన్ వాళ్ల వేసవి పండగ బట్టలు, కట్టుకుని వాడి పక్కన నిలబడింది. వాడు "నేను నిన్ను..." అన్నాడు. సరిగ్గా అప్పుడే పైన బాణసంచా పేలింది. ఆమె తల తిప్పి "ఏమన్నావు?" అంది. "ఏం లేదు" అన్నాడు. తర్వాతి పేజీలో ఇద్దరూ ఇళ్లకి పోతున్నారు. నువ్వు ఫోన్ మంచం మీదకి విసిరేశావు.

నీ కోపం న్యాయమైందే. "కథే కదా, ఎందుకంత ఇదైపోతావు" అని మీ అమ్మ అన్నట్టు నేను అనను. నేను 2004 నుంచి ఈ మాంగాలు చదువుతున్నాను. అప్పట్లో అమీర్‌పేటలో నెట్ సెంటర్‌లో కూర్చుని, ఒక్కో పేజీ పైనుంచి కిందికి తెరుచుకునేదాకా కాచుకుని చదివేదాన్ని. అలా మూడేళ్లు వెంటపడి చదివిన ఒక కథలో ఆఖరి చాప్టర్‌లో కూడా హీరో తనంతట తాను నోరు విప్పలేదు. ఆ పిల్లే చెప్పింది, వాడు తలూపాడు. ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల అన్నాళ్లు కాచుకుంది ఈ తలూపుడు కోసమేనా అని.

అప్పటి నుంచి చదివే పద్ధతి మార్చుకున్నాను. అదే నీకు చెప్దామని ఈ ఉత్తరం. హీరోకి భయం ఉంటే ఉండనీ. ఆ భయం వల్ల ఎవరు నష్టపోతున్నారో చూడు. ఆ నష్టం వాడి కంట పడుతోందో లేదో చూడు. నేను వెతికేది ఇదొక్కటే.

రుమికో తకహాషి గీసిన మెజాన్ ఇక్కొకు గురించి నీకు ఎప్పట్నుంచో చెప్తున్నాను, పాతదని నువ్వు ముట్టుకోలేదు. అది 1980 నుంచి 1987 దాకా వచ్చింది, పదిహేను సంపుటాలు. అందులో గొదాయ్ అనే కుర్రాడు పరీక్ష తప్పి, మళ్లీ కాలేజీ సీటు కోసం చదువుకుంటూ ఒక పాత అద్దె ఇంట్లో ఉంటాడు. ఆ ఇల్లు చూసుకోవడానికి క్యోకో వస్తుంది. చిన్న వయసులోనే భర్త పోయినావిడ. ఆవిడ కుక్కని పిలిచేది కూడా పోయిన భర్త పేరుతోనే. అంటే ఆ పేరు రోజూ పెరట్లో వినబడుతూ ఉంటుంది. గొదాయ్‌కి చేతిలో డబ్బు లేదు, చదువు లేదు, పైగా ఎదురుగా మితాకా అనే డబ్బున్న టెన్నిస్ కోచ్. తాగినప్పుడు వీధంతా వినబడేలా ఆమె పేరు పెట్టి అరుస్తాడు, తెల్లారాక కళ్లెత్తి చూడలేడు. పిరికివాడే, కాదనను.

కానీ ఏళ్లు గడుస్తుంటే వాడు ఏం చేస్తున్నాడో చూడు. తంటాలు పడి డిగ్రీ పూర్తి చేస్తాడు. వచ్చిన ఉద్యోగం, ఆ కంపెనీ దివాలా తీసి, చేరకముందే పోతుంది. కాబరేలో పనిచేసే ఆడవాళ్ల పిల్లల్ని చూసుకుంటూ, పసిపిల్లల టీచరు పరీక్షకి చదువుతాడు. చివర్లో ఆమె పోయిన భర్త సమాధి ముందు ఒంటరిగా నిలబడి, నిన్ను కూడా కలుపుకునే ఆమెని చేసుకుంటాను అని ఆ చనిపోయిన మనిషితో చెప్తాడు. క్యోకో చాటు నుంచి వింటుంది. ఇన్నేళ్లు నోరు రానివాడికి ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో నీకు చదివినకొద్దీ తెలుస్తుంది. ఆమె ఎందుకు జంకుతోందో వాడికి అర్థమైంది. అంతవరకూ తన బెరుకు గురించి తప్ప ఆలోచించనివాడు ఆమె గుండెలో ఉన్న మనిషికి కూడా చోటు చూపించాడు. ఆ పేజీ ఇప్పటికి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్రతిసారీ ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంటాను.

కొత్తవాటిలో 2018లో మొదలైన బొకు నో కొకొరో నో యబాయి యత్సు చూడు. ఇచికావా నీ తమ్ముడి కంటే చిన్నవాడు, ఎవరితోనూ కలవడు. యమాదా మోడలింగ్ చేసే పొడుగాటి అమ్మాయి, లైబ్రరీలో దొంగచాటుగా చిరుతిళ్లు తినే పిల్ల. ఒకరోజు మొహానికి బంతి తగిలి ఆమెకి దెబ్బ తగులుతుంది, మోడలింగ్ పని పోతుందని స్కూల్లో నర్సు గదిలో ఏడుస్తుంది. పక్క మంచం దగ్గర తెర చాటున ఉన్న ఇచికావాకి కూడా కళ్లమ్మట నీళ్లు కారిపోతాయి. ఎందుకు ఏడుస్తున్నాడో వాడికే అర్థమైనప్పుడు, ఆమె అంటే ఇష్టమని తెలుసుకుంటాడు. బయటికి ఒక్క మాట రాదు. అయినా నాకు అక్కడ విసుగు రాలేదు, నీకూ రాదు. ఆమె బాధ వాడికి కనబడింది కాబట్టి.

నిన్ను ఏడిపించే రకం వేరే ఉంటుంది. అది ఎలా తయారవుతుందో తెలిస్తే కాస్త తేలికపడతావు. మాంగాలు వేసే వారపత్రికలో ఒక్కో విడత ఇరవై పేజీల లోపే ఉంటుంది. షోనెన్ జంప్ లాంటి పత్రికలో పాఠకుల సర్వేల మీద కథ బతుకు ఆధారపడుతుంది. ప్రతి వారం చివరి పేజీలో ఏదో ఒక ఊపు రావాలి, కానీ కథ మాత్రం అయిపోకూడదు. ఇష్టం చెప్పేస్తే ఇక ఏం మిగిలిందని భయపడే చోట బాణసంచా పేలుతుంది, రైలు అడ్డం వస్తుంది, చెల్లెలు తలుపు తీస్తుంది. అక్కడ నోరు మూయించుకున్నది ఆ అబ్బాయి కాదమ్మా, కథ. నిసెకోయి అనే మాంగా 2011 నుంచి 2016 దాకా 229 చాప్టర్లు నడిచింది. అంత పొడుగున్న ప్రేమకథని పది రాత్రుల్లో మింగితే, వారానికొకసారి తినమని వండింది ఒక్కసారే కడుపులో పడ్డట్టు ఉంటుంది. చెప్పేశాక కూడా కథ ఉంటుందని హోరిమియా అనే ఇంకో మాంగా చూపించింది. అందులో మియామురా, జ్వరంతో పడుకున్న హోరి నిద్రపోతోందనుకుని తొందరగానే చెప్పేస్తాడు, ఆమె వింటుంది. మిగతా కథంతా ఇద్దరూ కలిసి ఎలా ఉన్నారనేదే.

ఇంకోటి. జపాన్‌లో కొకుహాకు అనేది పెద్ద గడప. నువ్వంటే ఇష్టం, నాతో ఉంటావా అని నోటితో అడిగి, అవతలివాళ్లు సరే అంటేనే చాలామందికి ఆ బంధం మొదలైనట్టు లెక్క. అంతవరకూ చాలామంది ఇంటిపేరుతోనే పిలుచుకుంటారు. అసలు పేరుతో పిలవడమే ఒక మెట్టు. ఇంగ్లీషులో చదివితే ఆ మెట్టు చాలాసార్లు కనబడదు. నీకు తెలుగు ఉంది కదా, పట్టుకోగలవు. మీ బాబాయి నన్ను ఏడాదిన్నర "మీరు" అని పిలిచారు. ఒకరోజు కోఠీలో బస్సు ఎక్కుతూ "నువ్వు జాగ్రత్త" అన్నారు. సీటు దొరికినా కూర్చోలేదు నేను, ఇంటిదాకా కడ్డీ పట్టుకుని ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. ఈసారి చదివేటప్పుడు ఎవరు ఎవర్ని ఏ పేరుతో పిలుస్తున్నారో గమనించు. ఏమీ జరగలేదని నువ్వు దాటేసిన చాప్టర్లలో చాలా జరిగి ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం నీతో గట్టిగా చెప్పాలి. "ఇంతకంటే మన సినిమా హీరోలే నయం" అన్నావు. అనకు. కాదన్న అమ్మాయి వెంట బస్టాపు దాకా, కాలేజీ దాకా పడి, చివరికి ఒప్పించడాన్ని మనం ఎన్నో ఏళ్లు ప్రేమ అని చప్పట్లు కొట్టి చూశాం. మాంగాల్లోనూ గోడకి చెయ్యి ఆనించి దారి ఆపేసే హీరోలు ఉన్నారు. నోరు విప్పనివాడి మీద విసుగుతో అటు వెళ్లిపోకు. అడగడానికి భయపడేవాడూ, అడగకుండానే తనదనుకునేవాడూ ఇద్దరూ ఆ అమ్మాయి ఏమనుకుంటోందో వినరు. నీకు కావాల్సింది వినేవాడు. కథలోనైనా, రేపు బయటైనా.

ఇక చదివే సంగతి. కొత్తది మొదలుపెట్టే ముందు అయిపోయిందో ఇంకా నడుస్తోందో చూసుకో. రెండు సంపుటాలు చదివి ఆగు. మొదటి రోజు వాడు చేయలేని పని ఏదైనా ఇప్పుడు చేస్తున్నాడా, ఎంత చిన్నదైనా సరే? ఎదురుగా కూర్చుని అన్నం తినడమో, ఆమె వర్షంలో ఉందని తెలిసి గొడుగు పట్టుకెళ్లడమో చాలు. ఆ పిల్లకి వాడు తప్ప వేరే బతుకు ఉందా, స్నేహితులు, చదువు, కోపం ఉన్నాయా? ఇవేవీ లేకుండా ఒకే తడబాటు మళ్లీ మళ్లీ వస్తుంటే మూసెయ్. నూట ఎనభై చదివాం కదా అని నూట ఎనభై ఒకటోది చదవక్కర్లేదు. వదిలేసినందుకు బాధపడకు, ఆ కథని అంతగా ప్రేమించినందుకు అసలే సిగ్గుపడకు. రోజుకి రెండు మూడు చాప్టర్లు దాటకు. నిద్రపోయే ముందు అసలొద్దు.

మెజాన్ ఇక్కొకు ఇంగ్లీషు పుస్తకాలు పది నా బీరువాలో ఉన్నాయి. శనివారం మీ నాన్న ఇటు వస్తున్నారట, మొదటి మూడూ అట్ట పెట్టెలో పెట్టి పంపిస్తాను. మొదటిదాంట్లో నా పెన్సిల్ గీతలు ఉంటాయి, చెరపకు. గొదాయ్ మీద కోపం వచ్చిన చోట నువ్వు కూడా గీత పెట్టు. నీ గీతలూ నా గీతలూ ఎక్కడ కలిశాయో చూడాలని ఉంది.

మీ పిన్ని