సందుల్లో వెతకండి

ప్రశ్న: మా నగరంలో ఓ పాత పేట వేగంగా మారిపోతోంది. అక్కడి చిన్న హోటళ్లు మూతపడేలోపు చూసి రావాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పెద్ద రోడ్డు వదిలేయండి. అద్దెలు సాధారణంగా ముందు పెరిగేది అక్కడే కాబట్టి పాత హోటళ్లు పక్క సందుల్లోకి జరుగుతాయి. (డబ్బున్నవాళ్లు వచ్చి చేరడంతో పాతవాళ్లు ఖాళీ చేయాల్సి వచ్చే ఈ మార్పును లండన్‌లో గమనించిన సామాజికవేత్త రూత్ గ్లాస్ 1964లో దీనికి ‘జెంట్రిఫికేషన్’ అని పేరు పెట్టారు.) చేతిరాత బోర్డు, అరిగిన బల్లలు చూసి మోసపోకండి, ఆ అలంకారం ఇప్పుడు కొత్తగా పెట్టినవాళ్లూ చేయిస్తున్నారు. డ్రైవర్లు, కూలీలు ఎక్కడ తింటున్నారో చూడండి, అదే అసలు ఆనవాలు.

పనిరోజున, భోజనాల రద్దీకి అరగంట ముందు వెళ్లండి. వంట అప్పుడే దిగుతుంది, యజమానికి మాట్లాడే తీరికా ఉంటుంది. మ్యాపులోని వేళలు తరచూ పాతవే, ముందురోజు ఫోన్ చేస్తే మేలు. ఇద్దరు కలిసి ఒక్కో ప్లేటు పంచుకుంటే మూడు చోట్ల రుచి చూడొచ్చు. రద్దీలో మాత్రం తినగానే లేవండి: బల్ల ఎన్నిసార్లు ఖాళీ అయితే వాళ్లకు అంత గిట్టుబాటు.

వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి. గోరువెచ్చగా రెండు గంటలు దాటితే తినొద్దు, బ్యాక్టీరియా జోరుగా పెరిగేది ఆ వేడిలోనే. చిల్లర దగ్గర ఉంచుకోండి. ఫొటోకు ముందు అడగండి.