సందిగ్ధ ఉష్ణోగ్రత గురించి రాస్తున్న తమ్ముడికి

నల్లగొండ

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

మహబూబ్‌నగర్ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘సందిగ్ధ ఉష్ణోగ్రత వద్ద ద్రవం వాయువుగా మారిపోతుంది’ అన్న వాక్యం దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. మారడమనేది గిన్నెలో మరిగే నీళ్లకు సరిపోయే మాట. అక్కడ ద్రవమూ ఆవిరీ వేర్వేరుగా ఉంటాయి, నడుమ ఒక తలం ఉంటుంది. గట్టి గాజుగొట్టంలో సుమారు సగందాకా ద్రవ కార్బన్ డయాక్సైడు నింపి, మూసి, మెల్లగా వేడిచేస్తే, కింది ద్రవం పలచబడుతూ, పై ఆవిరి చిక్కబడుతూ వచ్చి, 31 డిగ్రీల దగ్గర, అంటే దాని సందిగ్ధ ఉష్ణోగ్రత దగ్గర, దాదాపు 73 అట్మాస్ఫియర్ల పీడనం వద్ద, రెండింటి సాంద్రతా ఒకటవుతుంది. నడిమి తలాన్ని బిగించి ఉంచే తలతన్యత సున్నాకు చేరుతుంది, గొట్టమంతా బియ్యం కడిగిన నీళ్లలా మసకబారుతుంది, నడిమి గీత చెరిగిపోతుంది. ఇది ద్రవమా, వాయువా అని అడిగితే జవాబు లేని స్థితి అది. మన పాఠ్యపుస్తకాల్లోని ‘సందిగ్ధ’ అన్న మాట నాకెంతో ఇష్టం, దాన్ని వదులుకోకు.

1822లో ఫ్రాన్సులో కానియార్ ద లా టూర్ ఈ గీత చెరగడాన్ని చెవులతో పట్టుకున్నాడు. ద్రవంతో పాటు చెకుముకిరాతి గుండును తుపాకి గొట్టంలో బిగించి, వేడిచేస్తూ అటూ ఇటూ దొర్లించాడు. ఒక వేడి దాటాక లోపలి తొణుకు చప్పుడు ఆగిపోయింది. నీ వ్యాసానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ నాకు తోచడం లేదు.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. వంటింట్లో సగం ఖాళీ అయిన గ్యాస్ సిలిండర్‌ను మే నెలలో కదిపినా లోపల ద్రవం తొణుకుతుంది, ఎందుకంటే అందులో ఉండే ప్రొపేన్ సందిగ్ధ ఉష్ణోగ్రత సుమారు 97 డిగ్రీలు, బ్యూటేన్‌ది 152. అదే మధ్యాహ్నం, 42 డిగ్రీల ఎండలో, కార్యాలయం గోడకున్న, మంటలార్పే కార్బన్ డయాక్సైడు ఎర్ర సిలిండర్‌లో తొణకడానికి తలమే మిగలదు. చలికాలం ఉదయం మళ్లీ ఏర్పడుతుంది. అది ఎంత నిండి ఉందో తూకం వేసే తెలుసుకుంటారు. ఆటోల్లో వాడే సిఎన్‌జిలోని మీథేన్‌కు ఈ హద్దు సున్నాకు 82 డిగ్రీల దిగువన ఉంది కనుక, మన వాతావరణంలో దాన్ని ఎంత అదిమినా ద్రవం కాదు.

ఈ మూడు సిలిండర్లనూ పక్కపక్కన పెట్టి రెండో పేరా తిరగరాసి, వచ్చే వారంలోగా పంపించు.

మీ అన్న