ఔత్సాహిక గాయక బృందం పాటలను విడుదల చేయడం ఎలా?

సరదాగా పాడుకునే పాతికమంది బృందం మీది, కొన్ని పాటలు రికార్డు చేశారు, వాటిని నలుగురికీ చేర్చే మార్గం అడిగారు. అలాంటి ఒక బృందానికి ఈ పనులన్నీ కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. నా మాట వింటే ప్రచారం సంగతి తర్వాత, ముందు ఆ పాటలు ఎవరివో తేల్చుకోండి.

రాసినవారికీ బాణీ కట్టినవారికీ ఉండే హక్కు వేరు, రికార్డింగ్ మీద ఉండే హక్కు వేరు. రికార్డింగ్ మీ సొంతమే అయినా పాట ఇంకొకరిదైతే అనుమతి తీసుకోవాల్సిందే. కాపీరైట్‌పై దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణించాక కనీసం 50 ఏళ్లు హక్కు ఉంటుంది. భారతదేశంలో అది 60 ఏళ్లు, ఐరోపా సమాఖ్యలో 70. చాలామంది బోల్తా పడేది ఇంకోచోట. సాహిత్యం వందల ఏళ్లనాటిదే కావచ్చు, మీరు పాడుతున్న బాణీ మాత్రం నిన్నమొన్న ఎవరో కట్టినది కావచ్చు. అలాగే కరోకే ట్రాక్ మీద పాడినవి విడుదల చేయాలంటే ఆ ట్రాక్ హక్కుదారును కూడా అడగాలి.

తర్వాత పాడినవారందరితో ఒక కాగితం మీద సంతకాలు చేయించండి. పేర్లు ఎలా వేయాలి, డబ్బు వస్తే ఏం చేయాలి, ఎవరైనా బృందం వదిలి వెళ్లినా పాట ఉంచవచ్చా అన్నవి అందులో ఉండాలి. పిల్లలుంటే తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. స్నేహితుల మధ్య కాగితాలెందుకని మా వాళ్లు మొదట నవ్వారు. ఒక పాత కృతి రికార్డింగ్ మీద యూట్యూబ్‌లో వేరెవరో హక్కు తమదన్నప్పుడు, ఆ కాగితం, ఎడిట్ చేయని అసలు ఫైళ్లు ఉండబట్టే ధైర్యంగా అభ్యంతరం తెలపగలిగాం.

యూట్యూబ్‌లో మీరే నేరుగా పెట్టుకోవచ్చు. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ వంటివాటికి డిస్ట్రిబ్యూటర్ ద్వారా, అంటే మీ తరఫున పాటలను వాటికి చేర్చే సంస్థ ద్వారా వెళ్లాలి. ఏటా రుసుము తీసుకునేవారైతే, కట్టడం మానేస్తే పాటలు ఉంచుతారా తీసేస్తారా అని ముందే అడగండి. ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తించేందుకు, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 12 ఉండే ఐఎస్ఆర్‌సీ కోడ్ వస్తుంది. దాన్ని భద్రపరచండి, డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే వాడాలి. బృందం పేరు ఇంగ్లిషులో ఎలా రాయాలో ఒకసారే నిర్ణయించుకోండి. మా వాళ్లలో ఒకరు ఒక 'ఏ', ఇంకొకరు రెండు 'ఏ'లు పెట్టడంతో ఒకే బృందానికి రెండు పేజీలు తయారయ్యాయి. వాటిని కలిపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

డబ్బు మీద ఆశ పెట్టుకోకండి. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకు స్పాటిఫై రికార్డింగ్ రాయల్టీ ఇవ్వదు. పాటను నేరుగా అమ్ముకోవాలనుకుంటే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్ నయం.

ఇక ప్రచారం. ప్రకటనలకు డబ్బు పెట్టడం నా దృష్టిలో దండగ. మిమ్మల్ని మొదట వినేది మీ సభ్యుల చుట్టాలూ స్నేహితులే. అందరూ ఒకే సందేశాన్ని ఫార్వర్డ్ చేస్తే ఎవరూ తెరవరు. మా బృందంలోని ఒక పెద్దావిడ, చరణంలో ఒక చోట తనకు గొంతు ఎందుకు వణుకుతుందో ఫోనులో రికార్డు చేసి, పాట లింకుతో కలిపి పంపారు. మేం కష్టపడి చేయించిన పోస్టర్ కన్నా అదే ఎక్కువమందికి చేరింది. సాధన మధ్యలో తీసిన అరనిమిషం వీడియోలు కూడా బాగా పనిచేస్తాయి, శ్రుతి తప్పి నవ్వుకున్నవైనా సరే. విడుదల తేదీని మీ తదుపరి కచేరీకి కొద్దిరోజుల ముందు పెట్టుకుని, కార్యక్రమ పత్రం మీద క్యూఆర్ కోడ్ వేయించండి. పాట నచ్చినవాళ్లు ఇంటికి వెళ్లాక వెతకరు, హాల్లో కూర్చునే తెరుస్తారు.