బహిరంగ ఆవిష్కరణ అంటే విగ్రహమేనా?

సందేహం: ‘విశ్వవిద్యాలయ విద్యార్థులు మరియు సిబ్బందిలో బహిరంగ ఆవిష్కరణపై అవగాహన’ అన్నది మా సర్వే పేరు. ప్రశ్నపత్రం అందుకున్న ఒక ఉద్యోగి ‘ఎవరి విగ్రహమమ్మా?’ అని అడిగారు. ఓపెన్ ఇన్నోవేషన్‌కు ఈ మాట తప్పా?
– ఒక పరిశోధక విద్యార్థిని, ఒంగోలు

సమాధానం: ఆయన అడగడంలో వింతేమీ లేదమ్మా. మన ఊళ్లలో ఆవిష్కరణ విగ్రహానికో, పుస్తకానికో, శిలాఫలకానికో జరుగుతుంది. సంస్కృతంలో ‘ఆవిః’ అంటే బయటికి కనిపించేలా అని. కొత్తగా కనిపెట్టడమన్న అర్థం కూడా ‘ఆవిష్కరణ’కు స్థిరపడింది కాబట్టి విడిగా మీ మాట తప్పు కాదు. ముందు ‘బహిరంగ’ చేరేసరికి బహిరంగసభ, బహిరంగ వేలం గుర్తొచ్చి అర్థం పక్కదారి పట్టింది.

అమెరికా ఆచార్యుడు హెన్రీ చెస్‌బ్రో 2003లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన ఓపెన్ ఇన్నోవేషన్ భావం వేరు. సంస్థ తన సొంత మనుషుల తెలివినే నమ్ముకోకుండా బయటి ఆలోచనలు తీసుకోవాలి, తాను వాడుకోనివి బయటివాళ్లకు ఇవ్వాలి. చీమకుర్తిలో గ్రానైట్ కోయగా మిగిలే పొడిని ఏం చేయొచ్చో ఒక ఫ్యాక్టరీ మీ విద్యార్థులను అడిగి, వాళ్ల ఉపాయాన్ని ఒప్పందం మీద వాడుకుందనుకోండి, అది ఓపెన్ ఇన్నోవేషన్. ఇందులో పేటెంట్ ఉండొచ్చు, డబ్బూ చేతులు మారొచ్చు. ‘బహిరంగ’ అంటే మాత్రం అంతా ఉచితం, దాపరికమే లేదు అనిపిస్తుంది.

నన్నడిగితే పేరులో ఓపెన్ ఇన్నోవేషన్ అనే ఉంచి, కింద ఒక వాక్యంలో వివరించండి. తెలుగే కావాలంటే ‘ఇచ్చిపుచ్చుకునే నవకల్పన’ అనొచ్చు. కాస్త పెళ్లి సంబంధాల వాసన వచ్చినా భావం సరిపోతుంది.

‘మరియు’ తీసేయండి. ‘లో’ రెండు చోట్లా ఉండాలి: విద్యార్థుల్లోనూ సిబ్బందిలోనూ. సిబ్బంది పారశీకం నుంచి వచ్చిన మాట, ఒకప్పుడు శిస్తు వసూలుకు పెట్టుకున్న బంట్లు. ఇప్పటికీ కొందరు అధ్యాపకులు సిబ్బంది అంటే ఆఫీసువాళ్లే అనుకుంటారు. అందుకని బోధన, బోధనేతర సిబ్బంది అని విడదీసి రాయడం మేలు.

అసలు చిక్కు ‘అవగాహన’తో ఉంది. సంస్కృతంలో దానికి మునగడమని అర్థం. ‘మీకు అవగాహన ఉందా?’ అని అడిగితే, కాలు కూడా తడవనివాళ్లు సైతం మొహమాటానికి ‘ఉంది’ అంటారు. ఈ మాట విన్నారా, బయటి సంస్థతో కలిసి ఏదైనా చేశారా, చేస్తే హక్కులు ఎవరివో ముందే రాసుకున్నారా అని విడివిడిగా అడగండి.